పెరటి మట్టిని గచ్చుతో కప్పకముందు

పల్లెలో పాత ఇల్లు తీసివేసి కొత్తది కట్టుకునేవారు ఈ రోజుల్లో స్లాబు పడిన కొద్దికాలానికే మరొక పని తలపెడుతున్నారు. ఇంటికీ ప్రహరీగోడకూ మధ్య మిగిలిన నేలంతటినీ గచ్చు చేయిస్తున్నారు. వానాకాలంలో బురద ఉండదు, ఊడ్చుకోవడం తేలిక, పురుగూ పుట్రా భయం తగ్గుతుంది, వలీమా నాడు నాలుగు వరుసల కుర్చీలు వేసుకోవచ్చు. ఈ సదుపాయాలను మేము కాదనడం లేదు. ఏళ్ల తరబడి మట్టిలో తిరిగి అలసిన ఇల్లాలికి ఆ నున్నటి నేల ఎంత ఊరటో మాకు తెలుసు. కాని ఆ గచ్చు కింద కనుమరుగయ్యేది మట్టి ఒక్కటే కాదు. కోళ్ల గంప పోతుంది, సొరపాదు పోతుంది, గోరింట పొద పోతుంది. అంతకంటే ముఖ్యంగా, ఎవరినీ అడగనక్కరలేకుండా ఇంటి ఆడవారి కొంగున ఉండే నాలుగు రూపాయలు పోతాయి. ఇల్లు కట్టే లెక్కల్లో ఈ నష్టాన్ని ఎవరూ రాసుకోరు.

పెరటి ఆదాయం చిన్నది. చిన్నది కనుకనే అది ఇన్ని తరాలు ఆడవారి చేతిలో నిలిచింది. పొలం పంట అమ్మిన సొమ్ము ఇంటి మగవారి చేతికి వస్తుంది, వచ్చిన మరునాడే ఎరువుల బాకీకీ అప్పుకూ వెళ్లిపోతుంది. గుడ్లు, కోడిపిల్లలు, రెండు సొరకాయలు అమ్మిన సొమ్ము మాత్రం అమ్మీ దగ్గరో నానీ దగ్గరో డబ్బాలో పడుతుంది. పిల్లవాడి నోటుపుస్తకం, అర్ధరాత్రి జ్వరానికి ఆటో కిరాయి, పుట్టింటికి వెళ్లే బస్సు చార్జీ, వాకిట నిలిచిన ఫకీరుకు ఇచ్చే పది రూపాయలు అందులోంచే వస్తాయి. ఇస్లాం ధర్మశాస్త్రం ఈ విషయాన్ని స్పష్టంగానే చెప్పింది. ఇల్లు పోషించే బాధ్యత భర్తది, స్త్రీ సంపాదించుకున్నది స్త్రీది. దాన్ని ఆమె ఇంటికి ఖర్చు పెడితే అది ఆమె చేసే మేలు, ఆమె తీర్చవలసిన బాకీ కాదు. మరి పెరడు తీసివేయాలన్న నిర్ణయం మాత్రం మన ఇళ్లలో తరచు మేస్త్రీకీ ఇంటి యజమానికీ మధ్యనే జరిగిపోతోంది. అక్కడ తిరిగే కోళ్లు ఎవరివో ఆమెను ఒక్క మాట అడిగేవారు అరుదు.

గంప కింది లెక్క

నాటు పెట్ట ఏడాదికి పెట్టే గుడ్లు 50, 60కి మించవు. పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, 21 రోజులకు పిల్లలను లేపుతుంది, రెండు మూడు నెలలు వాటిని వెంట తిప్పుకుని మళ్లీ గుడ్లకు వస్తుంది. ఈ లెక్క చూసి నాటుకోడి దండగ అనేవారున్నారు. ఆ కోడికి ఎవరూ మేత కొనలేదన్న సంగతిని వారు మరచిపోతారు. చెదపురుగులు, గడ్డిగింజలు, పళ్లెం కడిగిన మెతుకులు, గుప్పెడు నూకలు, కాస్త తవుడు దాని ఆహారం. ఖర్చు దాదాపు లేనిచోట వచ్చిన యాభై గుడ్లను మేత కొని పెంచిన ఫారం కోడి గుడ్లతో పోల్చడం సరికాదు. పైగా సంతలో నాటు గుడ్డుకు ధర హెచ్చు.

పొదుగుకు పెట్టే గుడ్ల విషయంలో కొంత జాగ్రత్త ఫలితాన్ని బాగా మారుస్తుంది. పెట్ట రెక్కల కిందికి పూర్తిగా వచ్చేటన్నే, అంటే 10 నుంచి 12 గుడ్లే పెట్టాలి. ఎక్కువ పెడితే అంచున ఉన్నవి చల్లబడి అన్నీ చెడతాయి. వారం దాటి నిలవ ఉన్న గుడ్లు పొదుగుకు పనికిరావు, ఎండాకాలంలో అయితే అంతకంటే తాజావి కావాలి. నిలవ ఉంచేటప్పుడు మొనదేలిన వైపు కిందికి రావాలి. ఏడో రోజున చీకటి గదిలో గుడ్డు వెనుక టార్చి పెట్టి చూస్తే బతికిన గుడ్డులో ఎర్రటి సన్నని నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. ఏమీ కనిపించనిది ఖాళీ గుడ్డు. దాన్ని అప్పుడే తీసివేయాలి. ఈ పరీక్ష పిల్లలకు అప్పగించండి, వారు ఏడో రోజు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తారు.

ఎక్కువ గుడ్లు కావాలనుకునేవారి కోసం హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తగిన రెండు రకాలను రూపొందించింది. గుడ్ల కోసం గ్రామప్రియ, గుడ్లకూ మాంసానికీ కలిపి వనరాజా. చూడడానికి నాటుకోళ్లలాగే రంగురంగుల ఈకలతో ఉంటాయి, పెరట్లో తిరిగి బతకగలవు. అయితే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పిల్లలుగా వచ్చినప్పుడు తల్లి ఉండదు కనుక తొలి ఆరు వారాలూ వాటికి బల్బు వెచ్చదనం, మంచి దాణా ఇవ్వాలి. ఇక అవి పొదుగుకు సరిగా కూర్చోవు, వాటి గుడ్లను నాటు పెట్ట కింద పెట్టి పిల్లలను లేపినా ఆ పిల్లలకు తల్లి గుణాలన్నీ రావు. అందుకే గంపలో ఒకటి రెండు నాటు పెట్టలు ఎప్పుడూ ఉండాలన్నది మా అభిప్రాయం. కొనకుండా మంద నిలిచేది వాటివల్లనే.

పెరటి కోళ్లను తుడిచిపెట్టేది గద్దా కాదు, ముంగిసా కాదు, కొక్కెర తెగులు. రాణిఖేత్ అని డాక్టర్లు చెప్పేది దీన్నే. ఊళ్లోకి వచ్చిందంటే వారం తిరగకుండా గంపలు ఖాళీ అవుతాయి, వచ్చిన తరువాత మందు లేదు. ముందుగా వేయించే టీకా ఒక్కటే అడ్డు. పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వేస్తారు, నెల వయసు ప్రాంతంలో మరొకసారి వేస్తారు, 8 వారాలకు ఆర్2బి సూది వేస్తారు. చిక్కేమిటంటే ఈ టీకా సీసా ఒక్కటి వంద కోళ్లకూ అంతకు పైనా సరిపోతుంది, మంచులో ఉంచి తేవాలి, కలిపిన తరువాత రెండు గంటల లోపే వాడాలి. ఐదు కోళ్లున్న ఇల్లాలు ఒక్కతే తెచ్చుకోలేదు. వీధిలోని పది పదిహేను ఇళ్లవారు ఒక మాట మీద నిలిచి, పశువైద్యశాలలో అడిగి ఒకే ఉదయం అన్ని గంపలకూ వేయించుకుంటే ఖర్చు ఇంటికి కొద్ది రూపాయలే అవుతుంది. ఆ పది పదిహేను ఇళ్లలో హిందువులూ క్రైస్తవులూ ముస్లిములూ ఉంటారు. తెగులు గంపను చూసి మతం అడగదు కనుక టీకా కూడా అలాగే సాగాలి.

తిరిగే కోడి ఎక్కడ పడితే అక్కడ ఏరుకుని తింటుంది. అందుకే కోయదలచిన కోడిని మూడు రోజుల పాటు గంప కింద ఉంచి శుభ్రమైన గింజలు పెట్టే అలవాటు మన పెద్దల ఇళ్లలో ఉంది. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఇలా చేసేవారని ఉల్లేఖనం ఉంది. నానీలు దీన్ని పుస్తకంలో చదివి చేయలేదు, వారి నానీలను చూసి చేశారు.

కోళ్ల మాట వచ్చింది కనుక ఒక చేదు విషయాన్నీ తప్పించుకోలేము. కోస్తా జిల్లాల్లో సంక్రాంతి దగ్గరపడగానే మేలుజాతి పుంజులకు వేలల్లో ధర పలుకుతుంది. అసీల్ అన్న ఆ జాతి పేరు అరబ్బీ మాట, మంచి వంశం కలది అని అర్థం. ఆ ధర ఎందుకో అందరికీ తెలుసు. కాలికి కత్తి కట్టి పోట్లాడించడాన్ని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం నేరమన్నది, జంతువులను ఒకదానిపైకి ఒకటి ఉసిగొల్పడాన్ని మన ధర్మమూ అంగీకరించదు. పందెపు సొమ్ము సరేసరి. ఆ పుంజును బరికి అమ్మే చెయ్యి మనది కాకూడదు. ధర తక్కువైనా పెంచుకునేవారికే ఇవ్వాలి.

వుజూ నీరు పోయే దారి

కోళ్లూ కూరపాదులూ ఒకే పెరట్లో పొసగవంటారు. నిజమే, మొలకను కోడి గోకకుండా వదలదు. పాదు చుట్టూ కంపకంచె వేసి, తీగ పందిరి ఎక్కిన తరువాత కంచె తీసివేస్తే ఆ కోళ్లే పాదుల కింద పురుగులను ఏరిపెడతాయి. కోడిపెంట మంచి ఎరువే, కాని పచ్చిది నేరుగా వేస్తే మొక్క మాడిపోతుంది. ఆకులూ చెత్తా కలిపి గుంతలో కొన్ని నెలలు మాగనివ్వాలి.

నీళ్లు లేవని పెరటితోటను మానేసేవారికి మేము వారి ఇంటి వుజూ తావును చూపిస్తాము. ఒక ఇంట్లో నలుగురు ఐదు పూటలా వుజూ చేస్తే ఎంత నీరు పోతుంది? దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ద్ నీటితో, అంటే ముప్పావు లీటరుకు మించని నీటితో వుజూ పూర్తి చేసేవారని హదీసు చెబుతున్నది. మనం కుళాయి తిప్పి చాలాసార్లు అంతకు ఐదారింతలు వదిలేస్తున్నాము. ముందు దాన్ని తగ్గించుకోవాలి. ఆ తరువాత కూడా పోయే నీటిని కాలువ తీసి పాదుకు మళ్లించాలి. అందులో సబ్బు ఉండదు కనుక పుదీనాకూ కొత్తిమీరకూ కరివేపాకుకూ అది నిక్షేపంగా పనికివస్తుంది. సబ్బు నురగతో వచ్చే స్నానపు నీటిని అరటికీ చేమకూ వదలవచ్చు. పుదీనాకు విత్తనం కూడా కొననక్కరలేదు. బిర్యానీకి తెచ్చిన కట్టలో ఆకు దూసుకుని మిగిలిన కాడలను తడిమట్టిలో గుచ్చితే చాలు.

ఏరువాక వానలకు సొర, బీర, కాకర, దోస విత్తుకోవాలి. సొర గురించి మన ఇళ్లలో ఒక ప్రత్యేకమైన ప్రేమ ఉంది. ఒక దర్జీ ఇంటి విందులో దైవప్రవక్త (సఅసం) పళ్లెంలో సొరముక్కలను ఏరి ఏరి తినడం చూసిన హజ్రత్ అనస్ (రజి), ఆనాటి నుంచి తనకూ సొరకాయ ఇష్టమైపోయిందని చెప్పుకున్నారు. కద్దూ కీ ఖీర్ చేసే ఇంట్లో ఈ సంగతి పిల్లలకు చెప్పకుండా ఉండరు.

సొరపాదు నిండా పూలున్నాయి, పిందె మాత్రం వేలెడంత కాగానే వాడి రాలిపోతోందన్న ఫిర్యాదు తరచు వింటాము. చీడ అనుకుని మందు కొడతారు. చాలాసార్లు అది చీడ కాదు, పుప్పొడి అందకపోవడం. పువ్వు వెనుక చిన్న పిందె ఉంటే ఆడపువ్వు, ఉట్టి కాడ ఉంటే మగపువ్వు. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, గుమ్మడి పువ్వు తెల్లవారుజామున. మగ్రిబ్ ప్రాంతంలో ఒక మగపువ్వును తెంపి రేకులు తీసివేసి ఆడపువ్వు మధ్యలో సుతారంగా తాకించండి, పిందె నిలుస్తుంది. మందు కొట్టి తేనెటీగలనూ రెక్కపురుగులనూ చంపుకున్నవారికి ఈ పని రోజూ తప్పదు.

ఆకు తినే పురుగుకు వేపగింజల కషాయం ఇంట్లోనే చేసుకోవచ్చు. 50 గ్రాముల వేపగింజల పొడిని గుడ్డలో కట్టి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, పిండి వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం చల్లాలి. కాకరకూ బీరకూ పండు ఈగ పోటు పెడుతుంది, పుచ్చిన కాయను పాదు కిందే వదిలితే రేపటి ఈగలు అందులోంచే వస్తాయి. ఏరి లోతుగా పూడ్చాలి. లేత పిందెలకు పాత పత్రికకాగితం సంచీలు తొడిగితే ఈగ చేరదు.

పాతరకం పాదు చిక్కుడు మాత్రం ఓపికను పరీక్షిస్తుంది. ఆషాఢంలో విత్తినా పగటివేళ తగ్గేదాకా పూయదు. ఆకులు పందిరి కమ్మి పువ్వు లేదని భాద్రపదంలో పీకేసేవారిని మేము ఎరుగుదుము. చలికాలం దాకా ఆగితే సంక్రాంతి నాటికి కోయలేనంత కాస్తుంది.

ఇక గోరింట. ఇది నీరు అడగదు, మేక పెద్దగా ముట్టదు, కొమ్మ నాటితే కంచె అవుతుంది. ఈద్ ముందు రాత్రి ఆకు కోసి, కాస్త చింతపండు వేసి రోట్లో మెత్తగా నూరి చేతులకు పెట్టుకునే ఇళ్లు తగ్గిపోయి, కోన్లు కొనే ఇళ్లు పెరిగాయి. అరగంటలో నల్లగా పండుతుందని అమ్మే కోన్లలో కొన్నింటిలో జుట్టు రంగుకు వాడే పీపీడీ అనే రసాయనం ఉంటుంది. అది కొందరి చర్మాన్ని బొబ్బలు ఎక్కిస్తుంది, మచ్చలు మిగులుస్తుంది. అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది, నల్లగా పండదు, రాత్రంతా సమయం తీసుకుంటుంది. పెళ్లికూతురి చేతికి ఏది పెడుతున్నామో తెలుసుకోవడానికి పెరట్లో ఒక పొద ఉంటే చాలు.

పిట్టల వాటా

ముస్లిం నాటిన చెట్టు నుంచి గాని విత్తిన పైరు నుంచి గాని పక్షి తిన్నా, మనిషి తిన్నా, పశువు తిన్నా అది నాటినవానికి దానంగా రాయబడుతుందని హదీసులో ఉంది. ఈ హదీసు తెలిసినవారూ జామపండును పిగిలిపిట్ట పొడిచినప్పుడు రాయి అందుకుంటారు, మేమూ అందుకు మినహాయింపు కాదు. ఆ పండు లెక్కలోకి పోలేదనుకోవడమే నయం.

గోదావరి, కృష్ణా ప్రాంతాల పల్లెల్లో వరికోతలప్పుడు కంకులను ఏరి, కాడలను జడలా అల్లి, గుత్తిలా చేసి చూరుకు వేలాడదీసేవారు. పిచ్చుకల కోసం కట్టిన ఈ వరికుచ్చులు ఒక చేతిపనీ, ఒక దానమూ. ఇప్పుడు కోత యంత్రంతో సాగుతోంది, కంకి కాడతో సహా చేతికి రావడమే కష్టం. కుచ్చు కావాలంటే యంత్రం దిగకముందే గట్టు వెంబడి నాలుగు పిడికిళ్లు కొడవలితో కోసుకోవాలి. కోసిన వెంటనే, కాడ పచ్చిగా ఉన్నప్పుడే అల్లాలి, ఎండితే విరుగుతుంది.

పిచ్చుకలు తగ్గడానికి సెల్ టవర్లే కారణమన్న మాట బాగా వ్యాపించింది, రుజువైతే కాలేదు. కళ్లెదుట కనిపించే కారణాలు వేరే ఉన్నాయి. పెంకుల సందు, వాసం చివర, మట్టిగోడ రంధ్రం ఏవీ స్లాబు ఇంట్లో లేవు, గూడు ఎక్కడ పెట్టాలి? పెద్ద పిచ్చుక గింజలు తింటుంది గాని పిల్లలకు మెత్తటి పురుగులనే నోటికి అందిస్తుంది. గచ్చులో పురుగు లేదు. చూరు కింద నీడన, పిల్లి అందుకోలేని ఎత్తున, రెండు వేళ్లు పట్టేంత రంధ్రమున్న చెక్కపెట్టె గాని కుండ గాని కడితే చాలాచోట్ల పిచ్చుకలు తిరిగి వస్తున్నాయి. రంధ్రం పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది.

పంజరంలో రామచిలుకను పెంచడం మన ఇళ్లలో పాత సరదా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరమని చాలామందికి తెలియదు. 2018 నుంచి రామచిలుక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి కూడా. జామచెట్టు ఉంటే చిలుక తానే వస్తుంది.

సూదీ దారం

పెరటి పని లేని మధ్యాహ్నాల్లో చేతికి వచ్చేది సూది. విశ్వాసుల మాత హజ్రత్ జైనబ్ బిన్త్ జహష్ (రజి) తోళ్లు పదునుపెట్టి, కుట్టుపని చేసి, వచ్చిన సొమ్మును దానం చేసేవారు. మన తెలుగునాట దూదేకుల కుటుంబాలు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, నారి మీద చెక్కగుండుతో కొట్టి ముద్దకట్టిన దూదిని మబ్బులా లేపేవారు. ఆ నారి మోత వినిపిస్తే పాత పరుపులన్నీ వీధిలోకి వచ్చేవి. యంత్రాలూ ఫోము పరుపులూ వచ్చి ఆ మోత దాదాపు ఆగిపోయింది. బొంత మాత్రం ఇంకా మిగిలి ఉంది. మెత్తబడిన నూలు చీరలు నాలుగైదు పొరలుగా పరచి, అంచుల నుంచి లోపలికి దూరకుట్టు వేసుకుంటూ వస్తే చలికాలానికి ఒకటి సిద్ధమవుతుంది. పాలియెస్టర్ చీరతో చేసిన బొంత చెమట పీల్చదు, పసిబిడ్డ కింద వేయవద్దు.

చేతిపని బజారుకు వెళ్లినప్పుడు ఏమవుతుందో నరసాపురం లేసు చెబుతున్నది. పశ్చిమ గోదావరిలో 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ అల్లిక విదేశాలకు ఎగుమతయ్యే వ్యాపారంగా ఎదిగింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ఆ అల్లిక స్త్రీల మీద పుస్తకం వెలువరించారు. రోజంతా కొక్కెం పట్టి కూర్చున్న స్త్రీని ఇంట్లోవారూ, వ్యాపారీ కూడా తీరికవేళ సరదాగా అల్లుకునే గృహిణిగానే చూశారనీ, అందువల్లనే ఆమెకు అంత తక్కువ కూలి ముట్టిందనీ ఆమె చూపారు. బొంత కుట్టే మన అక్కచెల్లెళ్లు అమ్మదలచినప్పుడు గుడ్డ ధరకు తోడు ఎన్ని పూటలు కుట్టారో కూడా లెక్క కట్టుకోవాలి. ఊరికే కూర్చునే బదులు కుట్టావు కదా అనేవారికి తక్కువకు అమ్మనక్కరలేదు.

ఇల్లు కట్టబోతున్నవారికి మా కోరిక పెద్దదేమీ కాదు. ఎండ కనీసం ఆరు గంటలు పడే వైపున, వుజూ నీరూ స్నానపు నీరూ సహజంగా పారే పల్లంలో, పది అడుగుల వెడల్పున మట్టిని అలాగే వదలండి. ఎంత, ఏ వైపున అన్నది ఇంటి ఆడవారు సుద్దముక్కతో గీసి చూపాలి, మేస్త్రీ ఆ గీత దాటకూడదు. ఉన్న చెట్టు మొదలు చుట్టూ మూడు అడుగులు గచ్చు లేకుండా ఆపండి, లేకుంటే కొన్నేళ్లలో అది ఎండిపోతుంది. ఇప్పటికే గచ్చు పోసుకున్నవారు గోడవారగా ఒక వరుస పలకలు తీయించినా సొరపాదు మేడ మీదికి పాకుతుంది. గోరింట కొమ్మ నాటదలచినవారు పెన్సిలంత లావున్న ముదురు కొమ్మను జానెడు పొడవున కోసి, తొలకరి పడగానే సగం దాకా మట్టిలో గుచ్చాలి. మూడు నాలుగు నాటితే ఒకటైనా చిగురిస్తుంది.